గుండ్రంగా లేని సున్నా

ఆ వారమంతా నాకు కాలు నిలవలేదు. అన్నం ముందు కూర్చుంటే లాప్‌టాప్ గుర్తొచ్చేది, లాప్‌టాప్ ముందు కూర్చుంటే వీధిలోకి పోవాలనిపించేది. రెండేళ్లు కష్టపడి గీసిన నా తెలుగు అక్షరాలు మొదటిసారి ఒక బోర్డెక్కబోతున్నాయి. మెదక్‌లో కొత్తగా పెడుతున్న కరెంటు స్కూటర్ల షోరూం అది, శివ్వంపేట రైతు కుటుంబం వాళ్లది. నచ్చితే కౌడిపల్లి, నిజాంపేట దుకాణాలకూ నా అక్షరాలే అన్నారు. లేకపోతే హైదరాబాద్ నుంచి వేరేవి తెప్పించుకుంటారట.

రేపటి కాలం అక్షరాలు కావాలన్నారు. నేను వంకర్లన్నీ తీసేసి, ప్రతి అక్షరాన్నీ కచ్చితమైన వృత్తాలతో, తిన్నని గీతలతో కట్టాను. షోరూం పేరులోనే రెండు సున్నాలున్నాయి. వాటిని చూసుకుని మురిసిపోయాను.

మా ఆయన ఒకప్పుడు కుంచెతో బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చాక వాటికి ఫ్రేములు కొడుతున్నాడు. నా వెనక నిలబడి చూసి, తెర మీద వేలు పెట్టాడు.

"సున్నను జర నిలువుకు గుంజు. పైకెక్కినంక కిందనుంచి చూస్తె కుంగుతది."

"మీ చెయ్యి వణికితే నా గీతలు గూడ వణకాల్నా?" అన్నాను.

ఆయన చాయ్ పెట్టడానికి లోపలికి పోయాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బోర్డెక్కింది. యజమాని రోడ్డు దాటి నిలబడి చూశాడు. పక్కనే నేను. తెర మీద చక్కగా నిలబడ్డ అక్షరాలు పైన చతికిలబడ్డాయి. సున్నాలు ఎవరో నెత్తిన చెయ్యిపెట్టి అణిచినట్టున్నాయి.

"ఏందక్కా, కొత్త దుకాణం గింత డీలాగ కనవడ్తుంది? ఎల్లుండి ఓపెనింగ్. రేపటిదాంక చూస్త," అన్నాడు.

ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు. ఇంటికి పోబుద్ధి కాక చర్చి దారి పట్టాను. అక్కడొక కిరాణా దుకాణం మీద మా ఆయన రాసిన పాత బోర్డు ఇంకా ఉంది. అందులో సున్నా చందమామలా గుండ్రంగా ఉంది. స్టూలు అడిగి ఎక్కి, టేపు పెట్టి కొలిచాను. వెడల్పు కంటే ఎత్తు రెండు వేళ్లు ఎక్కువ. నమ్మక మళ్లీ కొలిచాను. దిగి రోడ్డవతలి నుంచి చూస్తే మళ్లీ గుండ్రమే. అన్నేళ్లలో ఒక్కసారి కూడా, ఇదెట్లా రాశారని ఆయన్ని అడగలేదు.

ఇంటికెళ్లి సున్నాను అసలు సైజులో ప్రింటు తీసి ఆయన ముందు పరిచాను.

"ఎంత గుంజాల్నో చెప్పుండ్రి."

ఆయన సున్నా నెత్తిన రెండు వేళ్లు ఆనించాడు. అవి వణుకుతున్నాయి. అయినా గీత ఎంతవరకు పెరగాలో అక్కడే ఆగాయి.

ఆ రాత్రే అక్షరాలన్నీ ఆ లెక్కన గుంజాను. మర్నాడు మారిన బోర్డెక్కింది. యజమాని మెచ్చుకున్నాడు. "గిప్పుడు మంచిగ నిలవడ్డది. మా మూడు దుకాణాలకు గివే," అన్నాడు.

నేను నా వెంట వచ్చిన మా ఆయనను చూపించి, ఈ కొలత ఆయనదే అని చెప్పాను. యజమాని చెయ్యి చాచాడు. మా ఆయన నవ్వుతూ తలూపాడే కానీ, చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.