ఓడ కింది అంతస్తు

దోహాలోని ఒక మాల్‌లో అట్లాంటిక్ దాటిన తొలి ఆవిరి ఓడల గురించి ప్రదర్శన పెట్టారు. పక్కన తిరిగే పెద్ద చక్రాలు, యంత్రం మీద నమ్మకం చాలక ఉంచుకున్న తెరచాపలు, పైతరగతి వారి పాల కోసం డెక్కు మీద కట్టేసిన ఆవు, వీటన్నిటికీ వివరణలు రాసింది నేనే. అట్లాంటిక్ నేనెప్పుడూ చూడలేదు. కాకినాడ సముద్రం చూశాను. ప్రదర్శనలు కట్టే మా కంపెనీకి అది చాలింది.

మొదట్లో ఈ ఓడలు డబ్బున్నవాళ్ళకే. కొన్నేళ్ళకు, వలస కూలీలను నింపినా లాభమేనని తెలిసి, కింది అంతస్తులో పడుకోవడానికి ఒకదాని మీద ఒకటి చెక్క బల్లలు వేశారు. పరుపూ పళ్ళెమూ ఎవరివి వారే తెచ్చుకోవాలి. ఆ గది నమూనా కట్టడానికి జగిత్యాల వైపు నుంచి వచ్చిన వడ్రంగిని పెట్టారు. నేనిచ్చిన కొలతల కాగితం ఆయన ఒక్కసారి చూసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీయలేదు. రెండు రోజుల్లో బల్లలు అచ్చం కాగితంలో ఉన్నట్టే లేచాయి. అన్ని కొలతలు ఎలా గుర్తున్నాయని అడిగాను.

"గుర్తు పెట్టుకునుడేంది మేడం, మా లేబర్ క్యాంపు రూం గిట్లనే ఉంటది," అన్నాడు.

మా మేనేజరు హైదరాబాదు ఆయన, ఉండేది విల్లాల పేట మదీనత్ ఖలీఫాలో. కింది బల్ల మీద కూర్చోబోతే పై బల్ల తలకు కొట్టుకుంది. ఇంత ఇరుకంటే ఎవరూ నమ్మరు, బల్లల మధ్య ఎడం పెంచమన్నాడు. చరిత్ర జానెడు పైకి జరిగింది.

మొదటి శుక్రవారం కుటుంబాలకే ప్రవేశం, ఒంటరి మగవాళ్ళను రానివ్వరు. వడ్రంగి ఇస్త్రీ చొక్కాతో వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు. "మా అన్నయ్య" అని గార్డుకు అబద్ధం చెప్పి ఆయన్ని లోపలికి తెచ్చాను. ఎంతో ఘనకార్యం చేశాననుకున్నాను. లోపల జనం ఆ బల్లల మీద పడుకుని సెల్ఫీలు దిగుతున్నారు. గోడ మీద ఏం రాసుందని ఆయన అడిగాడు. మనుషుల్ని ఇలా కుక్కిన రోజులు పోయాయని ఉంది, చదివి చెప్పాను.

"పోయినయంటనా? ఎవరు రాసిండ్రు మేడం?"

"నేనే."

ఆయన పై బల్లను ఓసారి ఊపి చూసి, గట్టిగనే ఉన్నదని చెప్పి, క్యాంపు బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆ వాక్యం తీసేద్దామని మేనేజరును అడిగాను. ప్రింటయిపోయిందన్నాడు. ప్రదర్శన నెల్లాళ్ళు నడిచింది. వచ్చిన ప్రతి బడి పిల్లలూ ఆ వాక్యాన్ని శ్రద్ధగా నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు.