సున్నపు గీతకు ఆవల

ఇంటికి సున్నం వేయిస్తున్నాను. గోడ మీదినుండి రాలిన పొడి వరండాలో వంపు తిరిగిన గీతలా పరచుకొంది. నీళ్ల చెంబుతో వస్తున్న నేను దాని ముందు ఆగిపోయాను. తడిసిన సున్నపు ఘాటు ముక్కుకు సోకగానే కోడుమూరు ఉన్నత పాఠశాల మైదానమూ, అక్కడ నడుము వంచి రేకుడబ్బాతో గోలు ముందర అర్ధవలయం గీస్తూ నడిచే మహబూబ్ బాషా గారూ కళ్ల ముందు నిలిచారు.

బాషా గారు మా పాఠశాల డ్రిల్లు మాస్టరు. నేను తెలుగు పండితుణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నా భార్య కాలం చేసింది. పిల్లలు లేరు. బడి వదిలాక ఇంటి తాళం తీయడానికి మనసొప్పక మైదానపు మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ఒకనాడు ఆయన వచ్చి ఒక ఇంగ్లీషు పుస్తకం నా ఒళ్లో పెట్టారు. "ఇంటికి పోయి గోడలకు పాఠం చెప్తారా అయ్యోరా? ఈడనే కూర్చోండి. మీతో పని ఉండాది."

అది బంతిని చేత్తో గోలులోకి విసిరే ఆట, హ్యాండ్‌బాల్ నియమావళి. మా చుట్టుపక్కల ఆ ఆట ఆడేవారే లేరు. ఆయన కూడా అప్పటికి కళ్లారా చూడలేదు. ఒక్క బంతితో ఆడపిల్లలంతా ఆడుకోగల ఆట కావాలని పట్టుబట్టి ఆ పుస్తకం తెప్పించుకొన్నారు. నెల రోజులు సాయంకాలాలు దానిని తెలుగు చేస్తూ గడిపాను. గోల్‌కీపరుకు 'ద్వారపాలకుడు' అని పేరు పెడితే ఆయన పొట్ట పట్టుకొని నవ్వారు. "ద్వారపాలకుడంటే మన పిల్లోల్లు గద పట్టుకొని నిలబడతారప్పా!" నేనూ నవ్వాను. భార్య పోయిన తరువాత నేను నవ్వడం అదే మొదలు.

ఆ పుస్తకంలో ఒక నియమాన్ని నేను ఇలా కూర్చాను: "గోలు ముందరి వలయమున ద్వారపాలకుడు తప్ప అన్యులు ప్రవేశింపరాదు." మూలంలో దాని కిందనే మరొక వివరణ ఉంది. గీతకు బయటినుండి పైకెగిరిన ఆటగాడు, వలయంలో కాలు నేలను తాకకముందే బంతి విసిరితే ఆ గోలు చెల్లుతుందని. ఆ మాట చేరిస్తే నా వాక్యపు బిగువు సడలుతుందనిపించి వదిలివేశాను. "ఇంతేనా అయ్యోరా?" అని ఆయన అడిగితే, "ఇంతే. సూత్రమన్నది చిన్నదిగా ఉండాలి" అన్నాను. ఆయన ఆ నోటుపుస్తకాన్ని కళ్లకద్దుకొని తీసుకొన్నారు.

పదవ తరగతిలో సుంకులమ్మ అనే అమ్మాయి ఉండేది. గీత దాకా పరుగెత్తి వచ్చి గాలిలోకి లేచేది. బంతి వలలో పడ్డాకనే ఆమె కాళ్లు నేలకు దిగేవి. ఆమె లేచిన ప్రతిసారీ ఈల మోగేది.

"గీత దాటినావు సుంకులమ్మా!"

"యాడ దాటినా సార్? నేను గాల్లో ఉండా గదా!"

"రూలు అట్లే ఉండాది. నేనేం జేసేది?" మెట్ల మీద కూర్చొని వింటున్న నాకు, నేను వదిలేసిన ఆ వివరణ అప్పుడు తట్టనే లేదు.

ఆ ఏడు కర్నూలులోని ఆటల వసతిగృహానికి మా బడినుండి ఒక్క పేరే పంపమన్నారు. అక్కడ చేరితే చదువూ, ఆటా, అన్నమూ వాళ్లే చూస్తారు. ఎంపిక ఆటలో సుంకులమ్మ మూడు మార్లు బంతిని వలలోకి పంపింది. ఈల బాషా గారిదే; మూడూ చెల్లలేదు. మరొక అమ్మాయి పేరు వెళ్లింది. మరునాటినుండి సుంకులమ్మ మైదానానికి రాలేదు. కొద్ది నెలలకు బడీ మానేసింది.

కొన్నేళ్లకు హైదరాబాదులో పలు దేశాల సైనికులు పాల్గొనే క్రీడోత్సవం జరిగింది. అందులో హ్యాండ్‌బాల్ ఉందని తెలిసి బాషా గారు కొత్త చొక్కా కుట్టించుకొన్నారు. ఇద్దరమూ వెళ్లాం. ఆ పెద్ద ప్రాంగణంలో జనం పలుచగా ఉన్నారు. మా వరుసలో మేమిద్దరమే. ఆట మొదలైన కాసేపటికే ఒక పొడగరి సైనికుడు గీత బయటినుండి ఎగిరి, వలయం మీద గాలిలో తేలుతూ బంతి విసిరాడు. బాషా గారి చేయి అలవాటుగా మెడలోని ఈల కోసం వెదికింది. ఈల లేదు. రెఫరీ గోలు ఇచ్చాడు. మళ్లీ ఒకడు ఎగిరాడు. మళ్లీ గోలు. చుట్టూ చప్పట్లు.

ఆయన నెమ్మదిగా నా వైపు తిరిగారు. "అయ్యోరా, ఆ పుస్తకంలో ఇది ఉండాదా?"

"ఉంది. నేను వదిలేశాను."

ఆయన ఆట ముగిసేదాకా రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకొని కూర్చున్నారు. లేస్తూ, "ఆ పాప మూడు సార్లు ఎగిరింది" అన్నారు.

ఆమె కర్నూలు మార్కెట్లో ఉల్లిగడ్డలు ఏరుతోందని విచారించి తెలుసుకొని వెళ్లాం. గుట్టల నడుమ తలకు గుడ్డ చుట్టుకొని కూర్చొని ఉంది. బాషా గారు ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు.

"సుంకులమ్మా, ఆ పొద్దు నువ్వేసినవి మూడూ గోలులేనమ్మా."

ఆమె చేతులు ఆగలేదు. "నాకు తెలుసు గదా సార్. మీకే తెలీలేదు." కాస్త నవ్వింది. తరువాత తలెత్తి, "ఆ రూలు అట్ల ఎవరు రాసినారు సార్?" అని అడిగింది.

"నేనే తప్పు చదివినా తల్లీ."

నేను ఆయన వెనుకనే నిలబడి ఉన్నాను. ముప్పై ఏళ్లు మాటలతోనే బతికినవాణ్ణి, రాసింది నేనేనని చెప్పకుండా ఉల్లిగడ్డల గుట్ట వైపు చూపు తిప్పుకొన్నాను. ఆమె మంచి గడ్డలు ఏరి ఆయన సంచిలో పోసింది. "శానా దూరం వచ్చినారు, తీసుకపోండి" అని మళ్లీ పనిలో పడింది.

తిరుగు బస్సులో అడిగాను, నా తప్పు మీరెందుకు మీద వేసుకొన్నారని. ఆయన కిటికీలోంచి ఎండిన చేలవైపు చూస్తూ అన్నారు: "రాసింది మీరైతే ఏమి? ఈల ఊదింది నా నోరే గదా. ఆ పాప ముఖం చూస్తానే ఊదినా."

బాషా గారు ఉద్యోగ విరమణ చేసి రాజంపేటలో కొడుకు దగ్గరకు వెళ్లిపోయారు. అక్కడే కన్నుమూశారు. నాకు తెలిసేసరికి నెల దాటింది. ఆయన కొడుకు పంపిన పొట్లంలో నా నోటుపుస్తకం ఉంది. ఆ నియమం పక్కన అంచులో, వంకర అక్షరాలతో, నేను వదిలేసిన మాట మొత్తం రాసి ఉంది. తెలుగు చేసినవాడిగా అట్ట మీద రాసుకొన్న నా పేరు మీద ఒక్క గీటు కూడా లేదు. ఆ అక్షరాలు చూసిన నాటినుండి ఎవరి రాతలోనూ పొడుగైన వాక్యాన్ని కుదించడానికి నాకు చేయి రాదు.

తరువాత నేనొక్కణ్ణే మార్కెట్టుకు వెళ్లాను. సుంకులమ్మ అక్కడ లేదు. యాడికి పోయిందో తెలియదన్నారు. ఇన్నేళ్లుగా ఆమెకు చెప్పవలసిన మాట నా వద్దనే ఉండిపోయింది. దానిని కుదించకుండా ఇక్కడ రాస్తున్నాను, ఏనాడైనా ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తారేమోనని. సుంకులమ్మా, పుస్తకంలో నీ గోలు ఉంది; దానిని తీసివేసింది బాషా సారు కాదు. ఆయన వెనుక నిలబడి ఊరకున్నాడే, ఆ అయ్యవారు.