మా ఆయన దగ్గని దగ్గు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నేను బడికి పోలేదు, చదువంతా మా నాయన ఇంట్లోనే నేర్పించినాడు. దేవుడొక్కడుంటే చాలు, తక్కినవన్నీ మన భయాలే అనేవాడు. మా నాయన చనిపోయిన ఆరేండ్లకు జరిగింది ఇది.

మాది బత్తలపల్లె పక్కన చిన్న పల్లె. మా ఆయనకు ఊపిరితిత్తి మీద పొక్కు పగిలి గాలి బయటికి కారింది. పెద్దాసుపత్రిలో మూడు చిన్న రంధ్రాలు చేసి, కెమెరా పెట్టి కుట్టినారు. పక్కటెముకల మధ్య ఒక పైపు పెట్టి, దాని కొస మంచం కింద నీళ్ల సీసాలో ముంచినారు. దగ్గినప్పుడు సీసాలో బుడగలు లేస్తే లోపల ఇంకా మానలేదని లెక్క. మానకముందే పైపు తీస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు నాకు విడమరిచి చెప్పినాడు. తెలియక చేసినానని చెప్పుకునే దారి నాకు లేదు.

ఐదో రోజు మా మరిది ఫోన్ చేసినాడు.

"వదినా, వాన పడింది! ఊరంతా విత్తనానికి గొర్లు కట్టినారు. మీ చేను ఒగటే బోడిగుండు మాదిరి ఉండాది. ఆసుపత్రిలోనే కాపురం పెట్టినారా ఏమి?"

రెండేండ్లుగా వాన లేదు. ఈ నేల పదును ఆరిపోతే ఆ ఏడు శెనక్కాయ విత్తేది లేదు. పైపు తీస్తేగానీ మమ్మల్ని ఇంటికి పంపరు.

మరుసటి పొద్దున డాక్టరు రాకముందే మా ఆయన చెవిలో చెప్పినాను. "గొంతులోనే దగ్గు. రొమ్ము కదలనీయొద్దు."

"దొంగదగ్గు దగ్గమంటావా?" అని నవ్వినాడు. నా మాట కాదనలేదు.

డాక్టరు వంగి, సీసా మీదే కన్ను పెట్టి, "ఏదప్పా, దగ్గు" అన్నాడు. ఈయన గొంతు సవరించుకున్నట్టు దగ్గినాడు. నీళ్లు కదల్లేదు. రెండోసారీ అంతే. "సరే, తీసేద్దాం" అని నర్సమ్మను కత్తెర తెమ్మన్నాడు.

అప్పుడు వినబడింది. రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు. మా నాయన దగ్గు. తాడిపత్రిలో బండలు కోసే పనిలో ఇరవై ఏండ్లు దుమ్ము మింగిన రొమ్ము అది, నాకు తెలియదా? సీసాలో నీళ్లు కుతకుతమని పొంగినాయి.

"ఇదీ దగ్గంటే! ఇంతసేపూ ఏమప్పా నాటకం?" అన్నాడు డాక్టరు. "గాలి ఇంకా కారుతాండాది. పైపు ఉండనీ."

డాక్టరు వెళ్లినాక మా ఆయన తెల్లమొహం వేసినాడు. "నేను దగ్గలేదే" అన్నాడు. నిజమే. నేను ఆయన మొహమే చూస్తున్నాను, నోరు మూసుకునే ఉండాది. ఆ పొద్దు పక్క మంచాలు రెండూ ఖాళీ.

ఇంకో ఆరు రోజులకు బుడగలు ఆగి, పైపు తీసినారు. చేను ఆ ఏడు బీడు పడింది. మా ఆయన చల్లగా ఉన్నాడు. దేవునికీ ఆ డాక్టరుకీ దినమూ దండం పెట్టుకుంటాను.

ఆ దగ్గు యాడనుంచి వచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు. మా ఆయనకు కూడా చెప్పుకోలేనిది ఇంకొకటి ఉంది. నాయన గొంతు గుర్తుపట్టిన ఆ క్షణంలో నాకు ముందు వచ్చింది కోపం.

ఇంకొక్క నిమిషం ఓర్చుకోకూడదా నాయనా, అనుకున్నాను.