ఎంగిలి దూది

మూడు రోజులుగా ముసురు పట్టింది. ముసురు పడితే మాకు పని రెండింతలు. మ్యూజియం కింది అంతస్తులో ఉన్న కాగితాల పెట్టెలన్నీ తెరిచి, చెమ్మ పీల్చిన అద్దుడు కాగితాలు తీసేసి పొడివి పెట్టాలి. ఆ రోజు భోజనం వేళ దాకా అదే చేశాం. తరువాత ఒక పాత దస్తావేజు వెనక జిగురు రాస్తుండగా ఫోను మోగింది. నేను చదువుకున్న కాలేజీలో ఒకప్పుడు అటెండరుగా చేసినాయన.

"మేడమ్ పోయింది సార్. పొద్దుగాల. కాప్రాల ఇంటికి తెచ్చిన్రు" అన్నాడు.

సరే అన్నాను. జిగురు రాసిన కాగితాన్ని సగంలో వదిలితే ముడతలు పడుతుంది. అది అతికించి, బరువు పెట్టి, చేతులు కడుక్కుని బయల్దేరేసరికి నాలుగైంది. సికింద్రాబాద్ దాకా ఎంఎంటీఎస్ రైల్లో వచ్చి అక్కణ్ణించి బస్సెక్కాను. కాప్రా చేరేసరికి వాన వెలిసింది.

ఆవిడను హాల్లో పడుకోబెట్టారు. ఊపిరితిత్తుల జబ్బుతో రెండు నెలలు బాధపడ్డారని ఆవిడ తమ్ముడు చెప్పాడు. నాకు తెలియదు. ఫోన్ చేసి ఏడాది దాటింది. పై అంతస్తులో అద్దెకుండే కుర్రాడు, మెడలో కంపెనీ కార్డు ఇంకా తియ్యనివాడు, గేటు దగ్గర నా పక్కన నిలబడి ఆంటీ ఏ సబ్జెక్టు చెప్పేవారని అడిగాడు. కెమిస్ట్రీ అన్నాను. అంతకంటే వివరంగా చెప్పే ఓపిక లేకపోయింది.

ఆవిడ చెప్పింది పాత వస్తువులను కాపాడే విద్య. బొమ్మలు, తాళపత్రాలు, బట్ట మీద వేసిన చిత్రాలు, చిలుం పట్టిన విగ్రహాలు ఎందుకు పాడవుతాయి, ఎంతవరకు బాగు చెయ్యవచ్చు, ఎక్కడ చెయ్యి ఆపాలి అనేది. రెండేళ్ళ కోర్సు. సికింద్రాబాద్‌లో ఒక పాత బంగళా వెనక భాగంలో మా ల్యాబ్ ఉండేది. ముందు భాగంలో కంప్యూటర్ క్లాసులు. మా బ్యాచ్‌లో ఏడుగురం చేరాం. అప్పుడు అందరూ వై టూ కే, కంప్యూటర్ ఉద్యోగాలు అంటున్నారు. దసరా సెలవులకు వెళ్ళినవాళ్ళలో ఇద్దరు తిరిగి రాలేదు, అమీర్‌పేటలో ఏదో కోర్సులో చేరారు. వేసవికి ఇంకో ఇద్దరు. నేను ఉండిపోవడానికి ఆ విద్య మీద ప్రేమ కారణం కాదు. నా ఇంగ్లీషుకు అమీర్‌పేటలో ఎవరూ ఉద్యోగం ఇవ్వరని నాకు తెలుసు.

మొదటి రోజు నేను రెండు మాటలు మాట్లాడగానే మేడమ్ తలెత్తి, "ఏ ఊరు నాయనా, పాలకొండ వేపా?" అన్నారు. ఆవిడది విజయనగరం దగ్గర. పాతికేళ్ళుగా హైదరాబాదులో ఉన్నా, కోపమొస్తే మా వైపు మాట బయటికి వచ్చేది. "ఏటయ్యా ఈ పని?" అన్నారంటే ఆ పూట మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలని అర్థం.

చిరిగిపోయిన తన నేత చీరలను చదరపు ముక్కలుగా కత్తిరించి ల్యాబుకు తెచ్చేవారు. వందసార్లు ఉతికిన నూలుకంటే మెత్తనిది బజార్లో దొరకదని చెప్పేవారు. మధ్యాహ్నం అన్నం ల్యాబులో తినేవారు కాదు. వానొచ్చినా ఎండొచ్చినా వరండాలో బెంచీ మీద తినేవారు. ఆవకాయ చేత్తో బొమ్మ ముట్టుకున్న విద్యార్థి ఒకడు ఏ బ్యాచ్‌లోనో ఉండేవాడట. ప్రతి కొత్త బ్యాచ్‌కూ అతని కథ చెప్పేవారు, పేరు మాత్రం చెప్పేవారు కాదు.

మొదటి నెలంతా మాకు మైదా జిగురు కాచడమే పని. స్టవ్ పక్కన నిలబడి ముప్పావుగంట తిప్పాలి. ఉడికిందా మేడమ్ అని అడిగితే, "నన్ను కాదు, గరిటెని అడుగు" అనేవారు. అన్నం వండుకోవడం వచ్చినందువల్ల నాది తొందరగా కుదిరింది. అందరికంటే ముందు నన్ను అసలు వస్తువు దగ్గరికి పంపారు. తరువాత జరిగింది చూస్తే, ఇంకొన్నాళ్ళు జిగురు దగ్గరే ఉంచాల్సిందేమో అనిపిస్తుంది.

ఆ వస్తువు ఒక పటం. జనగామ వైపు నుంచి ఒక పెద్దాయన తెచ్చాడు. వాళ్ళది ఊరూరా తిరిగి కులకథ చెప్పే కుటుంబం. నిలువెత్తు కంటే పొడవైన బట్ట మీద కథంతా బొమ్మలుగా ఉంటుంది. కొద్దికొద్దిగా విప్పుతూ కథ చెబుతారు. మడతల దగ్గర బట్ట చిట్లిపోయింది. వాళ్ళు కథకు బయల్దేరే రోజుల్లోపు బాగు చేసి ఇస్తామని మేడమ్ ఒప్పుకున్నారు.

ఆ పటానికి ఇంకో అవసరం కూడా ఉంది. పిల్లలు లేని కోర్సు దేనికని యూనివర్సిటీలో ప్రశ్న లేచింది. ఒక కమిటీ వచ్చి ల్యాబు చూసి, కోర్సు ఉంచాలో తియ్యాలో చెబుతుందన్నారు. వాళ్ళకు చూపించడానికి మా దగ్గరున్న పెద్ద పని అదొక్కటే. మా శాఖ పెద్దాయన రోజూ వచ్చి, ఎంతవరకు వచ్చిందని అడిగి వెళ్ళేవారు. కోర్సు పోతే మేడమ్‌కు వేరే చోట పాఠాలు లేవు. పదిహేనేళ్ళుగా ఆవిడ చెప్పింది ఇదొక్కటే.

ఆరు నెలలు చేశాం. చిట్లిన చోటల్లా వెనక నుంచి పలచటి బట్ట అతికించాం. పైన ఉన్న మొదటి బొమ్మ వినాయకుడిది. మొహం కనిపించేది కాదు. నూనె, మసి, కుంకుమ కలిసి పెచ్చుగా గట్టిపడిపోయింది. దాన్ని ముట్టుకోవద్దని, అదేమిటో పటం తెచ్చిన పెద్దాయనను అడిగి రాసుకున్నాకే చూద్దామని మేడమ్ అన్నారు.

కమిటీ రావడానికి ఐదు రోజుల ముందు ఆవిడ ఆఫీసు పని మీద రెండు రోజులు రాలేదు. నేను ఆ బొమ్మ ముందు కూర్చున్నాను. మొహం కనిపిస్తే కమిటీకి బాగుంటుందనుకున్నాను. బయటివాళ్ళకు వింతగా ఉంటుంది గాని, మా పనిలో ఉమ్మి ఒక మందు. పుల్లకు దూది చుట్టి, నోటి తడి అద్ది, సున్నితంగా దొర్లిస్తే జిడ్డుమురికి వస్తుంది. ఒక పాత చిత్రం చట్రం మీద మేడమే నేర్పారు. ఒక మూల చిన్న చుక్కంత చేసి చూశాను. రంగు కదల్లేదు, మసి వచ్చింది. రెండు రోజుల్లో వినాయకుడి మొహం మొత్తం బయటపడింది. తెల్లటి కళ్ళు, పచ్చటి తొండం. నాకు చాలా సంతోషమైంది.

మేడమ్ వచ్చి చూశారు. ఏటయ్యా అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, వాడిన దూది ఎక్కడుందని అడిగారు. ఏదీ పారెయ్యకూడదని ఆవిడ నియమం. ప్రతి దూదినీ ఆరబెట్టి, వెన్నకాగితంలో పొట్లం కట్టి, నంబరు వేసి పెట్టాలి. పెట్టాను. పొట్లాలు లెక్క చూసి, జనగామ పెద్దాయనకు కబురు పంపమన్నారు. కమిటీ వెళ్ళాక పంపితే బాగుంటుందేమోనన్నాను. "ఇవాళే పంపు" అన్నారు.

పెద్దాయన మర్నాడు పదకొండు గంటలకు వచ్చాడు. అటెండరు నన్ను వరండాలోకి పిలిచి, "డిస్టిల్ వాటర్ అను సార్. గంతే. తక్లీఫ్ ఉండది" అన్నాడు. నేను కూడా అదే అనుకుంటున్నాను. శాఖ పెద్దాయన లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడ్డారు.

పెద్దాయన పటం విప్పించి, తలపాగా తీసి, చాలాసేపు చూశాడు. అతికించిన చోట్లు వేలితో తడిమి బాగున్నయన్నాడు. పైకి వచ్చి ఆగిపోయాడు.

"మా తాత వెట్టిండు, మా నాయిన వెట్టిండు, నేను వెట్టిన. కథ షురూ జేసేముందు ఒక్కొక్క బొట్టు. గవన్ని యాడికి వోయినయమ్మా?"

మురికి అనుకుని తీసేశామని మేడమ్ చెప్పారు. తప్పు మాదేనన్నారు. ఆయన సరే అన్నట్టు తలాడించాడు. వినాయకుడు చూసుకుంటాడన్నాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. పటం చుట్టబోతూ అడిగాడు.

"దేనితోని తుడిసిన్రు?"

నేను నోరు తెరిచాను. మేడమ్ నా వైపు చూడలేదు.

"ఎంగిలితో" అన్నారు. "దూదికి నోటి తడి అద్ది తుడిచాం."

ముందు భాగంలో కంప్యూటర్ క్లాసు వదిలిన చప్పుడు వినిపించింది. పెద్దాయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

"నీళ్ళని జెప్తే నమ్ముకుంట వోదును గదమ్మా" అన్నాడు చివరికి.

"తెలుసు" అన్నారు మేడమ్.

ఎంగిలి పడ్డ పటం ముందు కథ నడవదని ఆయన చెప్పాడు. పాతబడి పనికిరాని పటాన్ని పూజ చేసి గోదావరిలో కలపడం వాళ్ళ ఆచారం. దీన్నీ అలాగే కలపాలి. ఈ యేడు చెల్లెలి కొడుకు దగ్గర వాళ్ళ పటం అడుక్కుని నాలుగు ఊళ్ళన్నా తిరగాలి. ఆ తుడిచిన దూది ఉందా అని అడిగాడు. మేడమ్ పొట్లాలన్నీ ఇచ్చారు. పటం నుంచి వచ్చింది పటంతోనే పోవాలని, తువ్వాల కొసన కట్టుకున్నాడు.

శాఖ పెద్దాయన అప్పుడు కల్పించుకున్నారు. రెండు రోజులాగి, సోమవారం కమిటీ చూశాక తీసుకువెళ్ళవయ్యా అన్నారు. పెద్దాయన మేడమ్ వైపు చూశాడు. "మీది. మీ ఇష్టం" అన్నారు ఆవిడ. ఆయన పటం భుజాన వేసుకుని బయటికి నడిచాడు. జనగామ బస్సుకు అటెండరు తోడు వెళ్ళాడు.

"ఒక్క మాట కదా మేడమ్. ఎప్పటికైనా నీటిలో కలిసేదాన్ని రేపెవరు పరీక్ష చేస్తారు?" అన్నారు శాఖ పెద్దాయన.

"ఆయన అడిగాడు. చెప్పాను" అన్నారు మేడమ్. ఆ విషయం మీద ఆవిడ మాట్లాడగా నేను విన్నది అంతే.

సాయంత్రం రికార్డు రాశారు. పని చేసినవారి పేరు దగ్గర తన పేరే రాసుకున్నారు. నాదని అన్నాను. విద్యార్థి పేరు రికార్డులో ఉండదని, అది నియమమని చెప్పారు. అలాంటి నియమం ఎక్కడా రాసి లేదని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది.

సోమవారం కమిటీ వాళ్ళు ఖాళీ బల్ల చూశారు. ఫొటోలు చూశారు. ఒకాయన రికార్డులో ఆ పేజీ చదివి పక్కాయనకు అందించాడు. టీ తాగి వెళ్ళారు. ఆ బ్యాచ్‌తో కోర్సు ఆపేయమని తరువాత కాగితం వచ్చింది. పటం ఉంటే కోర్సు నిలిచేదా అంటే చెప్పలేను. ముందు భాగంలో వాళ్ళకు గది చాలడం లేదన్న మాట అప్పటికే ఉంది. నిలిచేదేమోనన్న అనుమానం మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు. ఆవిడ ఒక్కసారి కూడా ఆ మాట నా ముందు ఎత్తలేదు. మిగిలిన మూడు నెలలూ క్లాసుకు ముగ్గురమే ఉన్నా, ముప్పై మంది ఉన్నట్టే బోర్డు నిండా రాసి చెప్పారు. తరువాత ఈ ఉద్యోగానికి దరఖాస్తు రాయించింది ఆవిడే. ఇక్కడ చేరినప్పటి నుంచి, ఎవరైనా దేనితో తుడిచావని అడిగితే ఉన్నదే చెబుతున్నాను. అది మంచితనమేమీ కాదు. ఇంకోలా చెప్పబోతే నోరు రాదు.

కాప్రాలో చీకటి పడకముందే అంతా అయిపోయింది. పాత విద్యార్థుల్లో నేనొక్కణ్ణే వచ్చాను. తిరిగి వస్తూ, బస్టాపు దగ్గర అటెండరూ నేనూ ల్యాబు ఆఖరి రోజు గురించి మాట్లాడుకున్నాం. ఆయనకు నాకంటే బాగా గుర్తుంది.

పరీక్షలైపోయిన మర్నాడది. బల్లలు ముందు భాగంలోకి మోయించారు. విద్యార్థులం ముగ్గురం పదకొండుకు వెళ్ళిపోయాం. గదికి తాళం వేసి, తాళం చెవి ఆఫీసులో ఇచ్చి, అటెండరు మూడింటికి ముందు భాగంలో బల్లలు సర్దడానికి వెళ్ళాడు. మేడమ్ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. పని వేళ ఐదింటి దాకా. ఐదింటికి వెళ్ళారు.