ఇరవై ఒకటో మనిషి

ఆఫీసులో అందరూ ఆమెను తాళాలక్క అనేవారు. తలుపుల తాళాలూ బీరువాల తాళాలే కాదు, స్టోరుగదిలో ఉన్న కంప్యూటరు పాస్‌వర్డూ ఆమె దగ్గరే ఉండేది. ఇళ్ళకూ దుకాణాలకూ ప్లాన్లు గీసే ఆఫీసు అది. ఎవరు ఏం గీసినా ఆ కంప్యూటర్లోనే దాచాలి, ఎవరికేం కావాలన్నా అందులోంచే తెరవాలి. దాన్ని గౌరవంగా సర్వర్ అనేవారు గానీ, ఒట్టి బల్ల మీది కంప్యూటరే. "దూడతో జరిగే పనికి ఏనుగును కట్టేసుకోవడం దేనికండీ?" అని అప్పట్లో ఓనరుగారికి సలహా చెప్పింది తాళాలక్కే. ఆయన నలుగురిలో మెచ్చుకున్నారు. అప్పటినుంచి దాని మంచీచెడూ ఆమె నెత్తినే పడ్డాయి.

ఆ సోమవారం ఆమె చెల్లెలి కూతురు అక్కడ పనిలో చేరింది. అంతకుముందు చేసిన రెండుచోట్లా ఇమడలేక వచ్చేసిన పిల్ల. ఆ తర్వాత కొన్ని నెలలు గదిలోంచి బయటికి రాలేదు. అన్నం పళ్ళెం తలుపు దగ్గర పెట్టి, తిందో లేదోనని చెవి ఒగ్గి కూర్చునేది చెల్లెలు. తాళాలక్కే బతిమాలి బయటికి తెచ్చింది. ఇదీ పోతే ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదని ఆమెకు లోపల్లోపల గట్టి భయం.

మొదటిరోజే పిల్ల వచ్చి చెవిలో అంది. "పెద్దమ్మా, నాకు సర్వర్ తెరుచుకోవట్లేదు. ఇప్పుడు ఇంకెవరూ రావడానికి లేదు అంటోంది."

"కొత్త కదే, అలవాటవుతుందిలే" అంది తాళాలక్క, ఆ అలవాటు పడేది మనిషో మెషీనో తనకే తెలియకుండా.

సర్వర్ ఆపి మళ్ళీ పెట్టింది; దాంతో అందరి ఫైళ్ళూ ఒక్కసారి మూసుకుపోయాయి. పిల్లకు తెరుచుకుంది. ఈసారి లెక్కలాయన బయట మిగిలిపోయాడు. మర్నాడు ఇంకొకరు. ఎవరు ఆలస్యంగా వస్తే వాళ్ళకు తలుపు మూతే. దాంతో ఆఫీసులో ఒక వింత మొదలైంది. ఒకసారి సర్వర్లోకి వెళ్ళినవాళ్ళు అందులోంచి బయటికి రావడం మానేశారు. టీకి వెళ్ళినా ఫైలు మూయరు. సీటు మీద రుమాలు వేసినట్టు, అక్కర్లేని బొమ్మ ఒకటి తెరిచి వదిలేసి పోతారు.

"ఏ వేళ కాలుపెట్టిందో గానీ, సర్వర్ మంచం పట్టింది" అన్నాడు లెక్కలాయన, పిల్లకు వినబడేలా.

"ఊరుకోవయ్యా! నీ కాలు పడ్డప్పుడు ఏసీ పోయింది, ఎవరన్నా అన్నారా?" అంది తాళాలక్క. అందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు. తల వంచుకుని తెర వైపు చూస్తూ ఉండిపోయింది.

తాళాలక్క వరండాలోకి వెళ్ళి కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఫోన్ చేసింది.

"అది పాడవలేదక్కా, దాని గుణమే అంత. మామూలు కంప్యూటరు ఒకేసారి ఇరవై కనెక్షన్లే రానిస్తుంది. ఇరవై ఒకటోది వస్తే మొహం మీదే తలుపేస్తుంది."

"మేం అంతమంది లేమే!"

"గోడవార పెద్ద స్కానర్ ఉంది కదా, అదీ కాగితాలు అందులోకే పంపుతుంది. అదీ ఒక మనిషి కిందే లెక్క. ఈ మధ్య కొత్తగా ఎవర్నన్నా చేర్చుకున్నారా?"

ఆమె తలుపు సందులోంచి పిల్ల వైపు చూసింది. "మరి దారేంటి?" అంది.

"అసలైన సర్వర్ కొనాలి. లేదా ఒకరు దిగాలి. దాని ముందే కూర్చుని పనిచేసే మనిషి మటుకు లెక్కలోకి రారనుకో. కానీ జాగ్రత్త, అక్కడ పొరపాటున ఏది నొక్కినా ఆఫీసంతా బోర్లా పడుతుంది."

ఆ రాత్రి ఆమె చేసిన పని ఆమెకే నచ్చలేదు. "రేపట్నుంచి అందరికంటే ముందు రావే" అని పిల్లకు చెప్పేసింది. మర్నాడు పిల్ల అలాగే వచ్చి కూర్చుంది. ఆఖర్న వచ్చిన ప్లాన్లాయన బయట మిగిలాడు. ఆయనే సాయంత్రానికి ఆసుపత్రి ప్లాను పూర్తిచేసి పంపాలి. ఆయన కేకలకు ఓనరుగారు గదిలోంచి బయటికొచ్చారు.

"ఏంటమ్మా ఇది? ఈ వారంలో కొత్తగా ఏమైంది?"

అందరి కళ్ళూ ఒకే కుర్చీ వైపు తిరిగాయి. పిల్ల అప్పటికే సంచీ ఒళ్ళోకి తీసుకుంది.

"సరే, ఆ అమ్మాయిని ఇప్పటికి పంపించేసి, కొన్నాళ్ళాగి చూద్దాంలే" అన్నారు ఆయన, కోపం లేకుండానే.

తాళాలక్క లేచి నిలబడింది. నలుగురిలో అందుకున్న మెప్పు నలుగురిలోనే తిరిగి ఇచ్చేయాలి.

"పిల్ల వల్ల కాదండీ. ఇది చాలని చెప్పిన నా వల్ల. ఇరవై దాటితే ఇది ఎవర్నీ రానివ్వదట. రేపు మీరు ఎవర్ని చేర్చుకున్నా ఇంతే."

"అయితే ఇప్పుడు ఒకరు దిగాలిగా?"

"నేను దిగుతాను. స్టోరుగదిలో దాని ముందే కూర్చుంటే నేను లెక్కలోకి రానట."

ఓనరుగారు ఆమెను ఎగాదిగా చూశారు. "పెద్దది కొనే సంగతి చూద్దాంలే" అని లోపలికి వెళ్ళిపోయారు. అది ఎన్నాళ్ళ 'చూద్దాం' అనేది ఆమె అడగలేదు.

తన కంప్యూటరు ఆపి, కుర్చీ ఈడ్చుకుంటూ స్టోరుగదిలోకి వెళ్ళింది. కిటికీ లేని గది. చుట్టూ పాత ప్లాన్ల కట్టలు, మధ్యలో వేడిగాలి ఊదుతున్న మెషీను. అవతల ప్లాన్లాయన "ఆఁ, వచ్చింది వచ్చింది!" అనడం వినబడ్డాకనే ఆమె ఊపిరి వదిలింది.

కాసేపటికి పిల్ల గుమ్మంలో నిలబడింది. "ఇక్కడేం కూర్చుంటావు పెద్దమ్మా?"

"ఎవరి గోలా లేదే, హాయిగా ఉంది."

"హాయా? నీ చెమట చూసుకో."

"నువ్వు పోయి పని చూసుకో. ఆ సంచీ కింద పెట్టు ముందు."

పిల్ల వెళ్ళింది. కుర్చీ జరిగిన చప్పుడూ, ఆ తర్వాత మౌసు టిక్కుటిక్కులూ వినిపించాయి. తాళాలక్క పని మొదలుపెట్టబోయేసరికి తెర మూలన చిన్న పెట్టె ఒకటి లేచింది. కొత్త మార్పులు వచ్చాయి, ఇప్పుడు ఆపి మళ్ళీ మొదలుపెట్టమంటారా, తర్వాతా?

'ఇప్పుడు', 'తర్వాత' అనే ఆ రెండు ముక్కలూ పక్కపక్కనే ఉన్నాయి, వేలెడంత ఎడం కూడా లేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. కుడిచేత్తో మౌసు పట్టుకుని, బాణం గుర్తు పక్కకు జరగకుండా చూసుకుని, 'తర్వాత' అన్నదాని మీద నొక్కింది.