దారి తప్పిన తలకట్లు

మా పెద్దమ్మను ఫ్లెక్సీల షాపులో అందరూ ‘స్కేలమ్మ’ అంటారు. ముప్పై ఏళ్లుగా బోర్డులకు అక్షరాలు దిద్దుతోంది. మొదట కుంచెతో, ఇప్పుడు కంప్యూటర్లో. ఎదుటివాడి చొక్కా బొత్తాలు వరస తప్పినా ఆవిడకు అన్నం సహించదు. అలాంటి మనిషికి మా పెద్దనాన్న దొరికాడు.

ఆయన ఆసుపత్రిలో కాంపౌండరు. ఇంట్లో ఆయన రాత చూస్తే కోడి కెలికినట్టుండేది. ముందు మాటంతా గొలుసులా లాగేసి, తలకట్లన్నీ చివర్లో ఒక్కసారి చల్లేవాడు. అవి తమకు నచ్చిన అక్షరం మీద వాలేవి. వంటింటి డబ్బాల మీద ఆయన రాసిన ‘పసుపు’, ‘శనగపప్పు’ చూసి పెద్దమ్మ తిట్టిపోసేది. చేతిరాత బాగోకపోతే తలరాత బాగుంటుందని ఆయన నవ్వేసేవాడు. ఏం బాగుంది, నా మొహం! యాభై ఎనిమిదికే పోయాడు. అప్పటికే పెద్దమ్మ ఆ రాతలన్నీ బ్లేడుతో గీకేసి, అచ్చు వేసిన స్టిక్కర్లు అంటించింది. ఇంట్లో ఆయన రాసిన తెలుగు ముక్క ఒక్కటీ మిగల్లేదు. సంతకాలున్నాయి కానీ, అవి రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలు.

ఆయన పోయిన ఆరు నెలలకు, షాపులో భోజనాల వేళ, పెద్దమ్మ కంపెనీల గుర్తులు గీయడం మొదలుపెట్టింది. అందరూ ఎరిగిన బిస్కెట్టు, సబ్బు, టూత్‌పేస్టు. అవే రంగులు, అదే డిజైను, పేరు మాత్రం పెద్దనాన్న రాతలో. సబ్బు పేరు కిందికి జారిపోతోంది. పేస్టు పేరుకు పెట్టాల్సిన తలకట్టు పక్కనున్న పళ్ల బొమ్మ నెత్తినెక్కింది. ఓనరు పొట్ట పట్టుకుని నవ్వి, ఫొటోలు తీసి ఫోన్లో అందరికీ పంపాడు. తమ బోర్డూ అలాగే రాయమని జనం రావడం మొదలైంది. నేనూ పడీపడీ నవ్వాను.

“నవ్వించడానికి కాదురా,” అంది పెద్దమ్మ. “ఆయన రాత మర్చిపోకముందే చేతికి పట్టించుకుందామని. దగ్గర్దాకా వస్తోంది. రావట్లేదు.”

నాకు సిగ్గేసింది.

ఆ ఫొటోల సంగతి విని ఓనరు వాళ్లమ్మ కబురు పంపింది. పెద్దనాన్న స్వయంగా రాసిచ్చిన మందుల కవరు ఒకటి తన దగ్గరుందట. పెద్దమ్మ టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా నా బండెక్కింది. దారంతా నా భుజం గట్టిగా పట్టుకునే ఉంది.

ఆ పెద్దావిడ సొరుగులోంచి కవరు తీసింది. ‘పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక.’ గుండ్రటి అక్షరాలు, ఎడంఎడంగా. ప్రతి తలకట్టూ తన చోట తాను కుదురుగా ఉంది. ఇంకెవరో రాశారేమో అనుకున్నాను.

తనకు చూపు ఆనదని, ఒక్కో కవరు మీద ఎంతో నిదానంగా రాసిచ్చేవాడని పెద్దావిడ చెప్పింది. పెద్దమ్మ చాలాసేపు ఆ అక్షరాలను వేలితో తడిమింది. ఉంచుకోమని ఇచ్చినా తీసుకోలేదు.

“ఇది అందరికీ రాసిన రాతమ్మా,” అంది. “నాకు రాసింది వేరే. అది నేనే గీకేశాను.”