చదవని మూడు వచనాలు

పోయినవి ముందు చెప్తాను. అక్క ఒకతె. అక్క లేకుండా నాన్నకి గడిచిన క్రిస్మసులు ఇరవై, అమ్మకి తొమ్మిది. ఆ తొమ్మిదో ఏటి తరవాత అమ్మే లేదు. అమ్మ ఎత్తుకోని మనవరాళ్ళు ఇద్దరు. చాప మీద ఒక చోటు. బైబిలులో మేం నలుగురం కలిసి చేరుకోని అధ్యాయాలు నూట ఐదు. తాగుడు వల్లనో జబ్బు వల్లనో పోయినవైతే నలుగురికీ చెప్పుకోవచ్చు. మా ఇంట్లో అందరూ తలవంచిన పుస్తకం పేరు మీద పోయాయి.

హిందీ మాట్లాడే ఉక్కు కంపెనీ ఊళ్ళో, బర్మామైన్స్ పేటలో మాది రెండు గదుల ఇల్లు. నేనూ అక్కా హిందీ బడిలో చదివాం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది నాన్న బైబిలులోనే. అందుకే చిన్నప్పుడు అచ్చు తెలుగు ఏది చూసినా నాకు ఆజ్ఞలాగే వినబడేది.

ఆదివారం తప్ప రోజూ పొద్దున్న టీ తాగి చాప పరుచుకుని తలా ఒక అధ్యాయం చదివేవాళ్ళం. చిన్నవాణ్ణి కాబట్టి ముందు నేను, తరవాత అక్క, ఆఖర్న నాన్న. అమ్మకి చదువు రాదు, వినేది. మొత్తం అధ్యాయాలు పదకొండు వందల ఎనభై తొమ్మిది. రోజుకి మూడు చొప్పున మూడు వందల తొంభై ఆరు రోజులు, ఇంకా ఒక అధ్యాయం మిగులు. ఇంటరు తప్పిన నాకు ఈ లెక్కలే కాలేజీ. చదివిన అధ్యాయం పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టడం నా పని.

నాన్న కంపెనీలో రిటైరైన మనిషి. ఏం కొనాలన్నా, ఎవరింటికి భోజనానికి వెళ్ళాలన్నా "వాక్యం ఏటంటాది?" అనేవాడు. కానీ వచనాలు అక్కడొకటి ఇక్కడొకటి ఏరడం ఆయనకి గిట్టదు. "వంకాయలేట్రా, పుచ్చులు తీసేసి ఏరుకోడానికి? వరసగా సదవండి. టిక్కు పడిన పేజీ మల్లీ తిప్పకండి" అనేవాడు. ఆ నియమం నాకు చాలా నచ్చేది. అందులో మోసానికి చోటు లేదనుకున్నాను.

అక్క కోర్టులో పెళ్ళి చేసుకున్న సంగతి ఒక ఆదివారం చర్చి దగ్గర ఎవరో నాన్న చెవిన వేశారు. ఆయన ఇంట్లో ఆ ఊసెత్తలేదు. అప్పటికి పెళ్ళై మూడు వారాలు. అబ్బాయి తెలుగువాడే. ఊరి అవతల పర్సుడీహ్‌లో ఉండే హిందూ కుటుంబం, రైల్వేలో ఫిట్టరు. అక్క ఇంకా మా ఇంట్లోనే ఉండి, చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుంటోంది. నాకొక్కడికే చెప్పింది. "ఆదివారాలు చర్చికాడ తనే దింపుతానన్నాడ్రా, సైకిల్ మీద" అని మురిసిపోయింది.

మర్నాడు, సోమవారం, నా వంతుకి కొరింథీయుల మొదటి పత్రిక ఏడో అధ్యాయం వచ్చింది. అందులో పన్నెండో వచనం నుంచి పద్నాలుగు దాకా ఉన్న సంగతి ఇది: విశ్వాసం లేని భర్త కాపురానికి ఇష్టపడితే భార్య అతన్ని వదలకూడదు, ఆమె వల్ల అతనూ పవిత్రుడే. చదువుతూ అక్క వైపు చూశాను. చాప అంచు పీకుతూ నవ్వు ఆపుకుంటోంది. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. నేను టిక్కు పెట్టాను.

అంతా అయ్యాక నాన్న నన్ను గుమ్మంలోకి పిలిచాడు.

"రెండో పత్రిక ఆరో అధ్యాయం ఏ రోజొత్తాదిరా?"

లెక్క అడిగితే చాలు, నాకు ఒళ్ళు తెలీదు. "శనివారం. నా వంతే" అన్నాను, వేళ్ళు కూడా మడవకుండా. ఎందుకని అడగలేదు. ఆ అయిదు రోజులూ ఆయన అక్కని మామూలుగానే పులుసు వడ్డించమన్నాడు.

శనివారం చదివాను. అవిశ్వాసులతో జోడు కట్టవద్దనే వచనం దగ్గర నాన్న చెయ్యెత్తాడు.

"మల్లీ సదువు."

చదివాను.

"గట్టిగా. మీ అక్కకి ఇనబడలేదు."

మూడోసారి చదివాను. అమ్మ గ్లాసు కింద పెట్టేసింది. నాన్న అక్క వైపు తిరిగాడు. "ఆడ్ని ఒగ్గేత్తే ఈ ఇంట్లో ఉండు. నేదంటే లెగు. నా మాట కాదిది, వాక్యం."

అక్క ఏడవలేదు. నా మొహంలోకి చూసింది. "ఒరే తమ్ముడా, సోమారం నువ్వు సదివిందేటి? అది వాక్యం కాదేటి? పెళ్ళయిపోయినోళ్ళని ఏటి సెయ్యమనుందో, మూడు వచనాలే కదా. సదువు."

"టిక్కు పడిపోయింది" అన్నాడు నాన్న.

"నిన్ను కాదు నాన్నా. లెక్కలోడ్ని అడిగేను."

పది కాగితాలు వెనక్కి తిప్పితే చాలు. అమ్మ కూడా నా చేతులే చూస్తోంది.

"టిక్కు పడింది కదక్కా" అన్నాను.

"అవునవును. నీ పెన్సిల్ సల్లగుండ" అని లేచింది. "తరవాత అధ్యాయం నా వంతు కదా. అదీ నువ్వే సదివేసుకుని టిక్కెట్టుకో."

సంచి ఒకటి పట్టుకుని వెళ్ళిపోయింది. అమ్మ సందు చివరి దాకా వెళ్ళి ఒక్కతే వెనక్కి వచ్చింది. సోమవారం చాప ఎవరూ పరవలేదు. టిక్కులు వెయ్యి ఎనభై నాలుగు దగ్గర ఆగిపోయాయి.

తరవాత నేను లారీలు తూచే ధర్మకాంటాలో పనికి కుదిరాను. లారీని ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి తూచాలి. ఒక్క తూకంతో రసీదు రాస్తే అది దొంగ రసీదు. ఇన్నేళ్ళలో ఒక్క లారీకీ అలా రాయలేదు. ఇంట్లో రాశాను. నాన్న బైబిలు మాటకి కూతుర్నే వదులుకున్నాడని చర్చిలో గొప్పగా చెప్పుకున్నారు. తెరిచి ఉన్న పేజీకి ఆయన తలవంచిన మాట నిజమే. ఏ పేజీ తెరిచి ఉండాలో కూడా ఆయనే చూసుకున్నాడు. దానికి రోజు లెక్క కట్టి ఇచ్చింది నేను.

నాన్న పోయాక ఆ బైబిలు సంచిలో పెట్టుకుని పర్సుడీహ్ వెళ్ళాను. అక్క చిన్న కూతురు తలుపు తీసి, "మమ్మీ, కోయీ అంకుల్ ఆయే హై" అని లోపలికి కేకేసింది. మేనమామని ఎవరో అంకుల్ అంది. తప్పు పిల్లది కాదు. గూట్లో వాళ్ళ దేవుడి పటం, పక్కనే అట్ట చిరిగిన అక్క హిందీ బైబిలు. బావ ఇప్పటికీ ఆదివారాలు చర్చి గేటు దాకా దింపుతాడట. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నది మా అందరిలో ఆయనొక్కడే.

"సంచిలో ఏటి తెచ్చేవు?" అంది అక్క.

"ఆ మూడు వచనాలు చదువుదామని."

పేజీ తీశాను. అక్క దాని మీద అరచెయ్యి పెట్టింది.

"నాకెందుకురా? నాకు కంఠతా వచ్చు. అయి నాన్న ముందర సదవాలి."

"నాన్న లేడు కదక్కా."

"ఎవరికి బాకీయో తెలీకుండా తీర్చడానికి వచ్చేసేవేటి? పెద్ద లెక్కలోడివి." నవ్వుతూనే అంది. టీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

ఇప్పుడు రోజూ నేనొక్కణ్ణే చదువుతున్నాను, టిక్కులు లేకుండా. ఆ పుస్తకం మాట నాకు ఇప్పటికీ పెద్ద మాటే. అందుకే ఈ లెక్క కొట్టెయ్యలేకపోతున్నాను. ఆ ఏడో అధ్యాయం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ గట్టిగా చదువుతాను. వినాల్సిన మనిషి లేడు కాబట్టి అది జమ పడదు. బాకీ మూడు వచనాలు.